చేపల తొట్టి శుభ్రతకు ఇంటికొచ్చే సేవ: 14 నెలల తరువాత నా అంచనా

మా హాల్లోని చేపల తొట్టికి ఆరేళ్లు నిండాయి. అది మూడడుగుల గాజు తొట్టి: పొడవు 36 అంగుళాలు, వెడల్పు 15, ఎత్తు 18. కొలతల ప్రకారం 159 లీటర్లు పట్టాలి గానీ, అడుగున పరిచిన గులకరాళ్లూ, నడుమనున్న కొయ్య మొద్దూ, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నికరంగా ఉండే నీరు 130 లీటర్లు. అందులో నాలుగు ఏంజెల్ చేపలు, ఎనిమిది విడో టెట్రాలు, అడుగున తిరిగే కోరిడోరాలు ఐదు, కొయ్యకు కట్టిన అనుబియాస్, జావా ఫెర్న్ మొక్కలు ఉండేవి; ఒక మూల నుంచి మనీప్లాంట్ వేళ్లను నీటిలోకి దించి పెట్టాము. నాలుగున్నరేళ్లకు పైగా దీని పనంతా నేనే చూసుకున్నాను. ఆఫీసు వేళలు మారి ఆదివారాలు కూడా నావి కాకుండా పోయాక, కిందటేడు ఆగస్టులో కూకట్‌పల్లిలోని ఒక అక్వేరియం దుకాణం వారి నెలవారీ సేవ తీసుకున్నాను. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకంటే నేను చెప్పబోయే లోపాలు ఆ ఒక్క దుకాణానివే కావు, నాకు తెలిసిన మరో ఇద్దరి ఇళ్లకు వేరే దుకాణాల నుంచి వచ్చేవారు కూడా దాదాపు ఇదే తీరులో పని చేస్తున్నారు.

ఒప్పందం సులువుగానే ఉంది. నెలకు రెండు రాకలు, 1,200 రూపాయలు. గాజు తుడవడం, గులకరాళ్లలోని మట్టి సైఫన్ పైపుతో లాగడం, నీరు మార్చడం, ఫిల్టర్ శుభ్రం చేయడం, నీటి పరీక్ష: ఇవి ఆ సొమ్ములోనివి. మందులు, మోటారు మరమ్మతులు, విడి భాగాల ఖర్చు వేరు. చేప చనిపోతే బాధ్యత వారిది కాదని చీటీ అడుగున చిన్న అక్షరాలతో ఉంది. ప్రాణమున్న వస్తువు విషయంలో ఎవరూ పూచీ ఇవ్వలేరు కనుక ఆ షరతు నాకు అప్పట్లో అన్యాయంగా తోచలేదు. ఇప్పటికీ తోచదు గానీ, ఆ వాక్యం అక్కడ ఉన్నందువల్ల పని చేసేవారి శ్రద్ధ ఏ వైపు మళ్లుతుందో తరువాత అర్థమైంది.

ముందుగా మెచ్చుకోవలసినవి చెబుతాను. వచ్చే కుర్రవాడు పనిమంతుడు. నేలమీద ప్లాస్టిక్ పట్టా పరచకుండా బకెట్ దించడు. సైఫన్ పైపు వాడడంలో అతని చేయి నాకంటే నయం: గులకరాళ్లలోకి వెడల్పు గొట్టాన్ని దించి, రాళ్లు సుడి తిరుగుతూ పైకి లేచేంత వరకు ఆగి, మట్టి పైపులోకి ఎక్కగానే వేలితో ప్రవాహాన్ని బిగబట్టి రాళ్లను మళ్లీ కిందికి జారనిస్తాడు. అనుబియాస్ ఆకుల మీది నల్లని పాచిని ఆకు చిరగకుండా వేళ్లతోనే తుడుస్తాడు. గాజు మూలల్లో సిలికాన్ ఉన్నచోట బ్లేడు పెట్టకూడదని అతనికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. నలభై ఐదు నిమిషాల్లో పని ముగించి వెళ్లేసరికి తొట్టి అద్దంలా ఉండేది, హాల్లో ఒక్క చుక్క నీరు కనిపించేది కాదు. మా నాన్నగారికి అతనంటే అభిమానం. "బాబూ, మజ్జిగ తాగి వెళ్లు" అనకుండా పంపరు.

చిక్కంతా ఆ అద్దంలా ఉండడంలోనే వచ్చింది. రెండో రాకలో అతను ఫిల్టర్ విప్పాడు. మాది తొట్టి కింద అలమరలో ఉండే కానిస్టర్ ఫిల్టర్. లోపల ముతక స్పాంజ్, దాని పైన తెల్లని దూది పొర, ఆపైన సిరామిక్ రింగులు ఉంటాయి. నేను ఆఫీసులో ఉన్నాను. సాయంత్రం వచ్చి చూస్తే స్పాంజ్ కొత్తదానిలా ఉంది, రింగులు పాలరాయిలా మెరుస్తున్నాయి, గులకరాళ్లను సైతం సగానికి పైగా బయటకు తీసి బాల్కనీ కుళాయి కింద కడిగి మళ్లీ పోశాడు. సగం నీరు మార్చాడు. ఫోన్ చేస్తే "సార్, మంచిగ కడిగిన, నాలుగేండ్ల మురికి మొత్తం పోయింది" అన్నాడు, ఎంతో సంతోషంగా. మూడో రోజుకు నీరు పలచని పాలలా తయారైంది, ఏంజెల్ చేపలు పైకి వచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. పరీక్షిస్తే చేపలకు విషమైన అమ్మోనియా 1 పీపీఎం (లీటరుకు ఒక మిల్లీగ్రాము), నైట్రైట్ కూడా కొద్దిగా కనిపించింది. నాలుగున్నరేళ్లలో ఆ రెండూ సున్నా కాక మరొకటి చూపడం నేను ఎరుగను.

తొట్టి పాతబడడం అంటే ఏమిటో ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, లేకపోతే ఇలాంటి సేవను అంచనా కట్టడం కుదరదు. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విడుస్తాయి. మిగిలిపోయిన మేతా, మలమూ కుళ్లినప్పుడు కూడా అదే పుడుతుంది. దానిని ఒక రకం సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండో పని చేసేది నైట్రోబాక్టర్ అని పాత పుస్తకాలన్నీ రాశాయి గానీ, ఇళ్లలోని మంచినీటి తొట్లలో ఆ పని ప్రధానంగా నైట్రోస్పైరా చేస్తోందని 1998లో తేలింది. రెండు మెట్లనూ ఒక్కటే పూర్తి చేయగల నైట్రోస్పైరా రకాలు ఉన్నాయని 2015లో బయటపడింది. ఇవి నీటిలో తేలుతూ తిరిగేవి కావు. స్పాంజ్ రంధ్రాలలో, రింగుల గరుకు ఉపరితలంపై, గులకరాళ్ల మీద జిగురు పొరగా అతుక్కుని ఉంటాయి. స్పాంజ్‌కు పట్టిన గోధుమరంగు బురదలో చాలా భాగం నిజంగానే మురికి, కానీ తొట్టిని బతికించే పొర కూడా దానిలోనే ఉంది. మామూలు బ్యాక్టీరియా గంటలోపే రెట్టింపు కాగలవు. వీటికి రోజు దరిదాపుల్లో సమయం పడుతుంది. అందుకే మూడో రోజున నీటిని పాలలా చేసిన బ్యాక్టీరియా ముందు లేచాయి, మనకు కావలసినవి కోలుకోవడానికి రెండు వారాలు పట్టింది.

కుళాయి నీరు వాటికి ఎందుకు పడదో అందరికీ తెలిసిందే. తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం వినియోగదారుకు చేరేచోట లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మన కడుపులోకి క్రిములు పోకుండా కాపాడే ఆ క్లోరిన్‌కు మంచి సూక్ష్మజీవి, చెడ్డ సూక్ష్మజీవి అనే విచక్షణ లేదు. నిజానికి కుళాయి కింద ఒక్కసారి తడిపినంత మాత్రాన పొరంతా నశించిపోదు. స్పాంజ్‌ను తెల్లబడేదాకా పిండడం, రింగులను రాపాడించి కడగడం, గులకరాళ్లను కూడా అదే రోజు కడగడం, ఈ మూడూ ఒక్క పూటలో జరగడమే దెబ్బ కొట్టింది. సైఫన్‌తో తీసిన పాత నీటిని ఒక బకెట్‌లో ఉంచుకుని, స్పాంజ్‌ను అందులో నాలుగుసార్లు పిండి, నీరు మళ్లీ ధారాళంగా పారితే చాలనుకుని తిరిగి పెట్టేయడం సరైన పద్ధతి. దానికి ఖర్చు లేదు, ఎక్కువ సమయమూ పట్టదు.

దుకాణం యజమానితో మాట్లాడాను. ఆయనకు ఈ సంగతి తెలియక కాదు. తమ దుకాణంలోని తొట్ల స్పాంజ్‌లను ఆయన పాత నీటిలోనే పిండిస్తారు. "అండీ, మీరు తప్ప నన్ను ఎవరూ అమ్మోనియా గురించి అడగరు; ఫిల్టర్ విప్పి మళ్లీ గోధుమరంగు స్పాంజే పెడితే డబ్బులు తీసుకుని ఏం కడిగారని అడుగుతారు" అన్నారు. ఆ జవాబులో నిజాయితీ ఉంది. ఈ సేవ అంతటికీ కొలబద్ద కంటికి కనిపించే తెలుపే కనుక, ఆ తెలుపునే వాళ్లు అమ్ముతున్నారు. నీరు ఎలా ఉందన్నది అడిగేవారు లేనప్పుడు కొలిచేవారు మాత్రం ఎందుకుంటారు? మరుసటి రాక నుంచి మా ఇంట్లో పాత నీటి బకెట్ పద్ధతి అమలైంది, కుర్రవాడు ఒక్కసారి చెబితే పట్టుకున్నాడు. అక్కడితో సమస్య తీరిందనుకున్నాను.

రెండో కష్టంలో నా తప్పు సగం కంటే ఎక్కువే ఉంది. హైదరాబాదు అపార్టుమెంట్లలో ఉండేవారికి తెలుసు, మన కుళాయిలో వచ్చేది ఒక నీరు కాదు. జలమండలి సరఫరా, బోరు, కొరత వస్తే ట్యాంకరు, మూడూ నేల కింది సంప్‌లో కలిసి పైకి ఎక్కుతాయి. వాటి పాళ్లు నెలనెలకూ మారతాయి. మా భవనంలో వానాకాలం నీటికి టీడీఎస్ కలం (నీటిలో కరిగిన లవణాలను కొలిచే పరికరం) 250 దగ్గర చూపుతుంది, ఫిబ్రవరి దాటి బోరు పాలు పెరిగాక 900 చూపుతుంది. గాజు మీద నీటి గీత వెంబడి తెల్లని సున్నపు చార పేరుకోవడం చూసి విసిగి, ఫిబ్రవరి నుంచి ఆర్‌ఓ యంత్రం నీటినే డబ్బాలకు పట్టి ఉంచి, నీరు మార్చిన ప్రతిసారీ అదే పోయమని కుర్రవాడికి చెప్పాను. ప్రతి రాకలో అతను టీడీఎస్ కలం ముంచి, అంకె తగ్గుతున్నకొద్దీ "సూపర్ ఉంది సార్" అనేవాడు. ఒప్పందంలో రాసిన నీటి పరీక్ష అంటే అదేనని అప్పుడు తెలిసింది.

టీడీఎస్ కలం నీటిలో కరిగిన లవణాలు మొత్తం ఎంత ఉన్నాయో ఒక అంచనా ఇస్తుంది తప్ప, అందులో అమ్మోనియా ఎంతో, కేహెచ్ ఎంతో చెప్పదు. ఈ కేహెచ్ అనేది నీటిలోని కార్బనేట్, బైకార్బనేట్‌ల నిల్వ. ఆమ్లం పుట్టినప్పుడు దానిని మింగి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) పడిపోకుండా ఆపుతుంది. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే క్రియలో ఆమ్లం పుడుతూనే ఉంటుంది: ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ మారడానికి, కాల్షియం కార్బనేట్ లెక్కలో చెబితే, ఏడు మిల్లీగ్రాములకు పైగా ఆ నిల్వ ఖర్చవుతుంది. కొత్త నీరు పోసిన ప్రతిసారీ ఆ నిల్వ మళ్లీ చేరుతుంది కనుకనే మామూలు తొట్లలో ఎవరికీ దాని ఊసు పట్టదు. ఆర్‌ఓ నీటిలో ఆ నిల్వ లేనట్లే లెక్క. నాలుగు నెలలకు పైగా నేను ఖర్చే తప్ప జమ లేని ఖాతా నడిపాను. కేహెచ్ అడుగంటింది, పీహెచ్ 6 కంటే కిందికి జారింది, ఆ ఆమ్లత్వంలో నైట్రైట్ చేసే సూక్ష్మజీవులు మందగించాయి, అమ్మోనియా పేరుకుంది. అయినా చేపలు మామూలుగానే తిరిగాయి, ఎందుకంటే పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు అమ్మోనియా దాదాపు అంతా అమ్మోనియం అనే తక్కువ హానికర రూపంలో ఉంటుంది. నీరు తళతళలాడుతోంది, టీడీఎస్ తక్కువ, గాజు మీద చార లేదు. చూసేవారికి అంతకంటే మంచి తొట్టి ఉండదు.

జూన్ చివరి వారంలో ఆర్‌ఓ యంత్రం చెడిపోయింది. నీటికి కొంచెం పసుపు ఛాయ వచ్చిందని కుర్రవాడు సగానికి సగం తీసేసి కుళాయి నీరు పోశాడు. అప్పటికి సంప్‌లో ఉన్నది ఎక్కువగా బోరు నీరే. సాయంత్రానికి చేపలన్నీ పైన చేరాయి. తెల్లవారేసరికి రెండు ఏంజెల్ చేపలు చనిపోయాయి. పరీక్షలో పీహెచ్ 7.8, అమ్మోనియా 2 పీపీఎం. సగం నీరు మార్చిన తరువాత అంత ఉందంటే ముందు ఎంత ఉండి ఉంటుందో లెక్కకట్టుకోవచ్చు. 25 డిగ్రీల నీటిలో, పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది అర శాతం పైచిలుకు. పీహెచ్ 8కి చేరితే అదే 5 శాతం దాటుతుంది, నీరు ఇంకా వెచ్చగా ఉంటే మరింత పెరుగుతుంది. అంటే అక్కడ కొత్తగా విషం పోసినవారు లేరు. ఉన్నదే ఒక్క పూటలో రూపం మార్చుకుంది. పాత తొట్లకు వచ్చే ఈ జబ్బు అక్వేరియం పెంచేవారికి కొత్త కాదు. "నీళ్లు మార్చగానే చేపలు చచ్చిపోయాయి, అందుకే నేను నీళ్లు మార్చను" అని చెప్పేవారు మనకు తరచు తగులుతారు. చాలాసార్లు జరిగింది ఇదే.

ఆర్‌ఓ నీరు పోయమన్నది నేను. కానీ ఒప్పందంలో నీటి పరీక్ష అని రాసి, నాలుగు నెలల్లో తొమ్మిది రాకలలో ఒక్కసారైనా పీహెచ్ చూడకపోవడం వారి లోపం. ఈ రెండూ ఒకదానితో ఒకటి రద్దు కావు. ఇక్కడ ఒక చిన్న తేడా కూడా గుర్తుంచుకోవాలి: ఆవిరైపోయిన నీటిని పూడ్చడానికి ఆర్‌ఓ నీరు పోయడం సరైన పనే, ఎందుకంటే ఆవిరయ్యేది నీరొక్కటే, లవణాలన్నీ తొట్టిలోనే మిగిలిపోతాయి. ఎండాకాలంలో మా తొట్టిలో వారం తిరిగేసరికి అంగుళానికి పైగా తగ్గుతుంది. దానిని బోరు నీటితో పూడుస్తూ పోతే లవణాలు పోగుపడతాయి. తీసేసిన నీటి స్థానంలో పోసేది మాత్రం కేహెచ్ ఉన్న నీరై ఉండాలి. నేను ఈ రెంటినీ కలిపేశాను.

జూలైలో ఒప్పందాన్ని తిరగరాయించాను. వారి అచ్చు చీటీని పక్కన పెట్టి, ఒక తెల్లకాగితం మీద పట్టిక గీసి స్విచ్ బోర్డు పక్కన అంటించాను. ప్రతి రాకలో నీరు మార్చక ముందు పీహెచ్, కేహెచ్, నైట్రేట్ కొలిచి తేదీతో రాయాలి. అమ్మోనియా, నైట్రైట్ నెలకొకసారి. మార్చే నీరు రెండు బకెట్లు, అంటే సుమారు 32 లీటర్లు, పావు వంతు. అంతకంటే ఎక్కువ కావాలనిపిస్తే నాకు ఫోన్ చేయాలి. స్పాంజ్ నెలకొకసారి పాత నీటిలో, రింగులు ఐదారు నెలలకొకసారి, అది కూడా ఒకే రోజున రెండూ కాదు. దూది పొర మాత్రం మురికి పట్టగానే పారేయవచ్చు. యజమాని దీనికి నెలకు 300 రూపాయలు అదనంగా అడిగారు. పరీక్షలకు పట్టే సమయం చూస్తే అది అన్యాయమైన మొత్తం కాదు కనుక ఒప్పుకున్నాను.

పరీక్ష పెట్టె నాదే, ఏపీఐ వారి మంచినీటి మాస్టర్ కిట్. దీని గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే సేవ తీసుకున్నా తీసుకోకపోయినా ఇది ఇంట్లో ఉండవలసిన వస్తువు. పీహెచ్, ఎక్కువ స్థాయి పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ ఇందులో వస్తాయి; కేహెచ్ రాదు, దానికి సీసా విడిగా కొనాలి. ఆ పెద్ద పెట్టెలో అవసరమైన ఆ ఒక్క సీసా లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కేహెచ్ పరీక్ష అన్నింటికంటే తేలిక: ఐదు మిల్లీలీటర్ల నీటిలో చుక్క చుక్కగా వేస్తూ, నీలం రంగు పసుపుగా మారేదాకా ఎన్ని చుక్కలు పట్టాయో అన్ని డిగ్రీలు. ఆ జూన్ నెలలో మిగిలిన ఆర్‌ఓ డబ్బాలోని నీటికి మొదటి చుక్కకే పసుపు వచ్చింది. నైట్రేట్ పరీక్షలోనే పొరపాటు జరగడానికి ఎక్కువ వీలుంది. రెండో సీసా అడుగున గట్టిపడే పదార్థం ఉంటుంది, దానిని అర నిమిషం పాటు గట్టిగా కుదపాలి, చుక్కలు వేశాక గొట్టాన్ని మరో నిమిషం కుదిపి, ఐదు నిమిషాలు ఆగాలి. కుదపకుండా వేస్తే ఎంత నైట్రేట్ ఉన్నా పసుపే చూపి మోసం చేస్తుంది. కుర్రవాడి మొదటి రెండు అంకెలు అలాగే తప్పాయి. నేను పక్కన నిలబడి చూపించాక సరిపోయాయి. ఎరుపు రంగులో 40కీ 80కీ తేడా పట్టడం మాత్రం ట్యూబ్‌లైటు వెలుతురులో ఎవరి వల్లా కాదు, పగటి వెలుగులోనే చూడాలి.

ఈ అంకెలు కాగితం మీదకు ఎక్కాక నీరు ఎంత మార్చాలన్న వాదన దానంతటదే తెగిపోయింది. మా తొట్టిలో రెండు వారాలకు నైట్రేట్ సుమారు 10 పీపీఎం పెరుగుతోంది. ప్రతిసారీ పావు వంతు నీరు మారుస్తూ పోతే అది పెరిగి పెరిగి 40 దగ్గర ఆగుతుంది, మార్చగానే 30కి దిగుతుంది. పదోవంతు మాత్రమే మారిస్తే ఆగేది 100 దగ్గర. పోసే నీటిలోనే నైట్రేట్ ఉంటే ఈ లెక్కకు అది అదనం. కొన్ని బోర్లలో అది గణనీయంగా ఉంటుంది కనుక కుళాయి నీటిని కూడా ఒకసారి పరీక్షించి చూసుకోవాలి. పెరుగుదలనే తగ్గించాలంటే మేత తగ్గించాలి, ఇంట్లో అది నాన్నగారి శాఖ. చేప గాజు దగ్గరకు వచ్చి తోక ఆడిస్తే ఆకలి అనే ఆయన నమ్మకం. వారానికి ఒక రోజు పస్తు ఉంచుదామన్నాను, "ఏకాదశి అనుకుందాం" అని ఒప్పుకున్నారు గానీ, ఆ ఏకాదశి పారణ సాయంత్రానికే జరిగిపోతోందని నా అనుమానం.

సేవలో ఇంకా సరిపడని సంగతులు కొన్ని మిగిలే ఉన్నాయి. అన్నింటికంటే పెద్దది వేళ. మా ఇల్లు వారి జాబితాలో మధ్యాహ్నం రెండు గంటలకు పడింది. మే నెలలో ఆ వేళ పైట్యాంకు నుంచి వచ్చే నీటి కింద చేయి పెట్టలేము, మరి చేపల మీద ఎలా పోస్తాము? తొట్టి నీటికీ కొత్త నీటికీ తేడా ఒకటి రెండు డిగ్రీలు దాటకూడదు. పైగా వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ: 25 డిగ్రీల నీరు లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా పట్టుకోగలదు, 32 డిగ్రీల నీరు 7.3 మాత్రమే. ఎండాకాలమంతా నేను ఉదయమే రెండు బకెట్ల నీరు పట్టి నీడలో ఉంచి, క్లోరిన్ తీసే చుక్కలు వేసి వెళ్లేవాణ్ణి. ఆ చుక్కలు కూడా వారు మొదట తొట్టి నింపిన తరువాత తొట్టిలోనే వేసేవారు. బకెట్‌లో వేసి కలిపి పోయాలని చెప్పి మాన్పించాను. సంప్ కడిగి బ్లీచింగ్ పౌడర్ వేసిన రోజున ఎంత చుక్కలు వేసినా నీరు మార్చకపోవడమే మంచిది. వాచ్‌మన్‌ను అడిగితే తెలిసిపోయే ఈ సంగతిని వచ్చినవారు ఎన్నడూ అడగలేదు.

మరొకసారి, నీరు తీసే ముందు స్విచ్‌లు ఆపిన మనిషి వెళ్లేటప్పుడు ఫిల్టర్ స్విచ్ వేయడం మరిచాడు. ఆపడం మంచి అలవాటే. నీటిలోంచి బయటపడి వేడెక్కిన హీటర్ గాజు మీద మళ్లీ నీరు పడితే పగిలిపోతుంది, మోటారు నీరు లేక ఎండిపోతుంది. కానీ మూతబిగించిన కానిస్టర్‌లో ప్రవాహం ఆగితే లోపలి సూక్ష్మజీవులకు కొన్ని గంటల్లోనే ప్రాణవాయువు అందదు. రాత్రి పది గంటలకు ఇల్లు చేరాక గమనించి, డబ్బా విప్పి, కంపు కొడుతున్న లోపలి నీటిని పారబోసి గానీ మళ్లీ నడపలేదు. ఇప్పుడు పట్టికలో చివరి గడి దానిదే: "ఫిల్టర్ నడుస్తోంది", ఎదురుగా సంతకం.

సీసాల అమ్మకం గురించి కూడా చెప్పాలి. ప్రతి రాకలో ఏదో ఒకటి చూపిస్తారు: పాచి చంపే చుక్కలు, నీటిని మెరిపించే ద్రవం, సూక్ష్మజీవుల సీసా, నీలి మందు. కుర్రవాడి తప్పు లేదు, అమ్మితే అతనికి కొంత ముడుతుంది. పాచికి మేము దీపాన్ని టైమర్‌కు కలిపి రోజుకు ఏడు గంటలకు తగ్గించాము, అంతటితో చాలావరకు పోయింది. నీలి మందు వేస్తే ఫిల్టర్‌లోని సూక్ష్మజీవులకు కూడా దెబ్బ తగలవచ్చు, సిలికాన్‌కు అంటిన నీలం ఇక వదలదు. డిసెంబరులో చలికి తెల్లమచ్చల జబ్బు వస్తుందని ముందుజాగ్రత్తగా ఉప్పు, మందు వేస్తామన్నారు. కోరిడోరాలకు ఉప్పు పడదు కనుక వద్దని, ఒక హీటర్ కొని 26 డిగ్రీలకు పెట్టాను. ఇన్ని నెలల్లో వారి దగ్గర నేను కొన్నది దూది, క్లోరిన్ చుక్కలు, ఒక ఇంపెల్లర్ (మోటారులో నీటిని తోసే చిన్న చక్రం). మొహమాటం లేకుండా వద్దంటే ఒత్తిడి చేయరు, అది వారి పద్ధతిలోని మంచి గుణం.

వలా, సైఫన్ పైపూ, స్పాంజ్ ముక్కా మాత్రం మన ఇంటివే ఉంచుకోవాలి. ఉదయం ఎవరింట్లోనో జబ్బు చేపను తీసిన వల మధ్యాహ్నం మన తొట్టిలో మునగడం కంటే, 400 రూపాయలు పెట్టి ఒక పైపు కొనుక్కోవడం మేలు. మా రెండు బకెట్ల మీదా ఎర్ర రంగుతో గుర్తు వేశాను, వాటిలో సబ్బు పడదు. ఈ సూచనను దుకాణం వారు తప్పుగా తీసుకోలేదు, మోసే బరువు తగ్గిందన్నారు.

జూలై నుంచి ఇప్పటి వరకు పట్టికలో ఏడు వరసలు నిండాయి. కేహెచ్ 4కూ 6కూ మధ్య, పీహెచ్ 7.2 నుంచి 7.4, అమ్మోనియా సున్నా. మిగిలిన రెండు ఏంజెల్ చేపలు జత కట్టి ఫిల్టర్ గొట్టం మీద గుడ్లు పెట్టాయి, మరునాటికి తామే తినేశాయి. మొదటి పదకొండు నెలల సేవకు ఐదింటికి రెండు ఇస్తాను. మార్చిన పద్ధతికి నాలుగు. తొట్టి గురించి ఏమీ తెలియకుండా, అంతా వారే చూసుకుంటారన్న భరోసాతో ఈ సేవ తీసుకోవద్దు; పని తెలిసి, సమయం లేక మరొకరి చేతులు కావలసినవారికి నెలకు 1,500 రూపాయలు దండగ కాదు. పెద్ద వయసువారు ఒంటరిగా ఉండే ఇళ్లలో అయితే ఆ బకెట్లు మోసే శ్రమ ఒక్కటి తప్పినా చాలు.

వచ్చే ఎండాకాలం వేళ విషయం ఇంకా తేలలేదు. ఉదయం పదిలోపు రమ్మని అడిగాను, ఫిబ్రవరిలో చెబుతామన్నారు. కుదరకపోతే మార్చి నుంచి జూన్ దాకా రెండు రాకలను ఒకటికి తగ్గించి, రెండో పక్షం నీరు నేనే తెల్లవారుజామున మారుస్తాను. సైఫన్ పట్టడం నాన్నగారు అప్పుడే నేర్చుకుంటున్నారు.